షెడ్డులో వెలిగిన చిన్న లైటు

బస్సు డ్రైవరుగా రిటైరైన పెద్దాయన, పాత వ్యానులో మంచమూ పొయ్యీ అమర్చుకుని ఇంటిబండి తయారు చేసుకున్నాడు. వానాకాలమంతా దాన్ని అద్దె షెడ్డులో పెట్టి అటు కన్నెత్తి చూడలేదు. ఆ ఉదయం తాళంచెవి తిప్పితే బండి కిక్కురుమనలేదు. నడుముకు ఆపరేషనైన వదినగారు కూర్చోలేరు, ఆవేళే ఆస్పత్రి నుంచి ఆ బండిలో పడుకోబెట్టే తీసుకురావాలి. “ఆ భారం నాది” అని ఆమెకు మాటిచ్చి ఉన్నాడు.

“బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. ఎలా దిగిందో ఏమో!”

భార్య లోపలికి తొంగిచూసి నాలుక కరుచుకుంది. దేవుడి పటం ముందున్న చిన్న లైటు స్విచ్చి వేసే ఉంది.

“నేనేనండీ. స్వామిని అన్నాళ్లు చీకట్లో ఎలా వదిలేస్తామని, వెలిగించి వచ్చాను.”

రాబోయిన కోపం కాస్తా నవ్వైపోయింది ఆయనకు. ఈలోగా పక్క షెడ్డులోని పాలవ్యాను అబ్బాయి, అడక్కుండానే తన బండి తెచ్చి పక్కనే ఆపి, రెండు బ్యాటరీలకూ తీగలు కలిపాడు.

“ఇప్పుడు తిప్పు బాబాయ్. కాస్త ఆలస్యమైతే నా పాలేం విరిగిపోవులే.”

ఇంజను రెండుసార్లు దగ్గి, గుర్రుమంటూ అందుకుంది. పెద్దాయన తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, ఆ అబ్బాయి భుజం తట్టాడు.

“లైటు ఆపేయనా?” బెరుగ్గా అడిగింది భార్య.

“బండి నడిచినంతసేపూ వెలగనీ, ఛార్జింగు ఎక్కుతూనే ఉంటుంది. వదినగారిని దించాక మాత్రం స్వామిని మనతోపాటే ఇంట్లోకి తీసుకెళ్దాం. షెడ్డులో ఒక్కడికీ ఏం తోస్తుంది!”