రైనా పిన్ని ఫొటోకు నల్ల అంచు

మా మూడో అంతస్తులో ఉండే వెనెటా పళ్ళసెట్లు తయారుచేస్తుంది. నలభై ఏడేళ్ళ వయసులో, మా ఊరు స్లివెన్‌లో ఆదివారం సంతకు వెళ్ళి ఓ పాత రష్యన్ కెమెరా కొని ఫిల్ము ఫొటోలు నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఫిల్ముకు ఆత్మ ఉంటుందని చెప్పే భక్తులు ఇంటర్నెట్టులో కొల్లలు. వాళ్ళను భరించే ఓపిక నాకు లేదు. వెనెటాకూ ఆత్మ గొడవ పట్టదు. అచ్చు పోసి, గట్టిపడేదాకా ఆగడం అలవాటైన మనిషి. ఈ పని నచ్చింది, అంతే.

మొదటి రీలు ఖాళీగా వచ్చింది. ఫిల్ము చక్రానికి పట్టుకోనేలేదు. రెండోదాన్ని స్నానాలగదిలో చీకటి చేసుకుని ఫిల్ము కడిగే డబ్బాలోకి ఎక్కిస్తుంటే మొగుడు వచ్చి లైటు వేశాడు, ఫిల్ము కాస్తా పాడైంది. ఆరో రీలులో మాత్రం రైనా దొరికింది. రెండో అంతస్తు రైనా, డెబ్బై ఆరేళ్ళు, ఉన్ని మిల్లులో పనిచేసి రిటైరైంది. బాల్కనీలో మిరపకాయలు కాలుస్తూ తలెత్తి చూసిన చూపు అచ్చంగా పడింది. ఆరు రీళ్ళకు కుదిరింది ఈ ఒక్క ఫొటోయే.

వెనెటా మురిసిపోయి ఇంటర్నెట్టులో తన పేజీలో పెట్టింది, చుట్టూ ఫిల్ము నల్ల అంచుతో సహా. ఏమీ కత్తిరించలేదని చాటే ఆ అంచు ఫిల్ము భక్తులకు నుదుటి నామం లాంటిది. కింద 'మా రైనా పిన్ని' అని రాసింది.

మా ఊళ్ళో ఎవరైనా పోతే నల్ల అంచు కాగితం మీద ఫొటో వేసి గుమ్మాలకూ స్తంభాలకూ అంటిస్తాం. వెనెటాకు తెలియక కాదు. ఆ రోజు ఆమె కంటికి తన ఫొటో తప్ప ఇంకేదీ ఆనలేదు. తెల్లారేసరికి ఎనభై నాలుగు మంది 'దేవుడు ఆమెను క్షమించుగాక' అని, పోయినవాళ్ళకు మేం చెప్పే మాట రాసి, ఆమె మంచితనాన్ని తలుచుకున్నారు.

పదింటికి పై వాటా స్తమెన్ ఆరు పూలతో వచ్చి రైనా తలుపు తట్టాడు. తన బాల్కనీ నుంచి రైనా బాల్కనీలోకి నీళ్ళు కారుతున్నాయన్న గొడవతో పదకొండేళ్ళుగా ఆమెతో మాటల్లేని మనిషి. రైనాయే తలుపు తీసింది.

"ఎవరికయ్యా పూలు?"

"నీకే... పోయావన్నారు."

"పోతే గానీ రాబుద్ధి కాలేదన్నమాట!" అని పూలు లెక్కపెట్టి, ఒకటి తీసి అతని చేతిలో పెట్టింది. "సరిసంఖ్య చచ్చినవాళ్ళకి. నాకు అయిదు చాలు. లోపలికి రా, కాఫీ తాగిపో."

అప్పుడే ఆ రాతలు చూసిన వెనెటా ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"పిన్నీ, ఇప్పుడే తీసేస్తాను. ఇంకెప్పుడూ నీ జోలికి రాను."

"ఏమే, బుద్ధుందా? తీసేస్తే నా గురించి అన్ని మంచి మాటలు మళ్ళీ ఎవరు రాస్తారు? ముందు చదివి వినిపించు."

వెనెటా చదివింది. రైనా ఒక్కో పేరుకూ తలూపింది.

"మా ఆడబిడ్డ ఏం రాసింది?"

"ఏమీ రాయలేదు పిన్నీ."

"అనుకున్నా. సరే, ఫొటో ఉంచు. ఆ నల్లగీత మాత్రం కోసెయ్."

వెనెటా కాసేపు తటపటాయించింది. కోసేసింది. రాజధాని సోఫియా నుంచి ఒక ఫిల్ము భక్తుడు, అంచు కత్తిరించడం ఫిల్ముకు అవమానమని పెద్ద ఉపన్యాసం రాశాడు. 'మనిషి బతికే ఉంది' అని వెనెటా జవాబిచ్చింది.

తరువాతి ఆదివారం రైనా పెదవులకు రంగు వేసుకుని మళ్ళీ ఫొటోకు కూర్చుంది. కదలొద్దంటే నవ్వేసింది. ఫొటో అలికినట్టు మసకగా వచ్చింది. వెనెటా దాన్నే పేజీలో పెట్టింది.