ఆమె కూడా దిగలేదు

లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి కూర్చోగానే మా మేనేజర్ మెసేజ్ చూశాను. మధ్యాహ్నం ఒకసారి మాట్లాడాలట. అంతే. రైలు కదిలేలోపే నా తలలో ఉద్యోగం పోయింది, ఇల్లు ఖాళీ చేశాం, పాపను బడి మాన్పించాం. హైటెక్ సిటీ స్టేషన్ వచ్చేసరికి గుండె దడదడలాడుతోంది, వేళ్లు తిమ్మిరెక్కాయి. దిగుదామంటే కాళ్లు లేవలేదు.

పక్కన దిగడానికి నిలబడ్డ నడివయసు ఆవిడ నన్ను చూసి ఆగింది.

"ఏందమ్మా, పానం మంచిగ లేదా?"

"ఏం లేదండి. ఊరికే ఏదో ఆలోచిస్తున్నాను."

ఆమె మళ్లీ కూర్చుని నా చేయి పట్టుకుంది. రైలు కదిలిపోయింది.

"మా చెల్లె గూడ గిట్లనే అనేది. ఊకె పరేషాన్ గాకు, పని చూసుకో అని తిట్టేదాన్ని. పోయిన ఎండాకాలం తన పానం తనే తీసుకుంది" అంది. నా వైపు తిరిగి, "నీకేం భయమైతుందో చెప్పు, నేను ఇంటా" అంది.

అన్నీ చెప్పాను. ఏమీ కాదులే అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు, చేయి మాత్రం వదల్లేదు. తర్వాతి స్టేషన్ బోరబండలో దిగి చెరో దారిన వెళ్లాం.

ఆ మధ్యాహ్నం ఉద్యోగం నిజంగానే పోయింది. ఎన్నాళ్లుగానో దాచుకున్న దడ సంగతి సాయంత్రం మా ఆయనకు చెప్పాను. ఇద్దరం డాక్టరు దగ్గరికి వెళ్లాం. మందులు వాడుతున్నా అది అప్పుడప్పుడూ వస్తూనే ఉంది.

ఆమె పేరు అడగలేదు. ఆ చెల్లెలి పేరైనా అడిగి ఉండాల్సింది.