అక్క కొత్త మోకాలికి యాభై గంటలు

గంగమ్మ తల్లి మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా రేపటి నుంచి నా పళ్లెంలో చేపముక్క పడకూడదు. ఇంతకంటే పెద్ద ఒట్టు మా వైపు లేదు.

మా అక్క మంగినపూడిలో చేపలు కొని, గంపకెత్తి, బందరులో బస్సెక్కి చల్లపల్లి తీసుకెళ్లి అమ్మేది. ముప్పై ఏళ్లు ఆ బరువు మోసేసరికి కుడి మోకాలు అరిగిపోయింది. ఎంత అరిగిందంటే, ఆ కిరకిర వినపడగానే చల్లపల్లి పిల్లులన్నీ బస్టాండుకు వచ్చి వరసగా కూర్చునేవి. పిల్లుల్ని చూసి జనం గిన్నెలు పట్టుకొచ్చేవారు.

చివరికి బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. కండక్టరు చెయ్యి పట్టి లాగాల్సి వచ్చిన రోజు ఇంటికొచ్చి గంప బోర్లించింది.

“ఇంకొకళ్లు లాగితే ఎక్కే బతుకు నాకొద్దురా తమ్ముడూ” అంది.

గుడివాడలో ఆపరేషన్ చేయించాం. ఎముకల కొసల మీదుండే మెత్తటి పొర పూర్తిగా అరిగి, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయని డాక్టరు గారు ఎక్స్‌రేలో చూపించారు. ఆ కొసలు చెక్కి లోహపు తొడుగులు వేశారు, మధ్యలో ప్లాస్టిక్ బిళ్ల పెట్టారు. అక్క అడిగింది ఒకటే, బస్సు మెట్టు ఎక్కగలనా అని.

“రోజూ వంచుతుంటే తప్పకుండా ఎక్కుతారండీ” అన్నారాయన.

ఇక్కడే మా బావ రంగంలోకి దిగాడు. గిలకలదిండి రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే మనిషి. కొత్త ఇంజను బిగించాక మొదటి యాభై గంటలు సగం జోరు మీదే నడపాలి, లేకపోతే లోపలి లోహం గీసుకుపోతుందని అక్కడ అందరూ పాటించే పద్ధతి. కొత్త మోకాలూ లోహమే కదా.

“తొందరపడకు. యాభై గంటలు దాన్ని సర్దుకోనీ” అన్నాడు.

“డాక్టరు గారు వంచమన్నారుగా?”

“ఆయన పని బిగించడం వరకే. నడిపేది మనం.”

అక్క నమ్మింది. రోజుకు పావుగంట, పెళ్లికూతురిలా గుమ్మం దాకా నడిచేది. మోకాలు మాత్రం వంచేది కాదు. ఆ లెక్కన యాభై గంటలు నిండడానికి ఆరు నెలలు దాటుతుందని మాలో ఎవరికీ తట్టలేదు. మూడు వారాలకే కాలు తెడ్డులా బిగుసుకుపోయింది. బస్సు మెట్టు మాట దేవుడెరుగు, గడప దాటడమే గండమైంది. అక్క మాట్లాడటం తగ్గించింది. ఒకరోజు గంపను పక్కింటావిడకు ఇచ్చెయ్యమంది.

ఆ మాట విన్నాక భయం వేసి, బందరు నుంచి ఫిజియోథెరపీ అమ్మాయిని పిలిపించాం. బావ ఇంజను సంగతంతా వివరించాడు. ఆ అమ్మాయి నవ్వలేదు.

“ఇంజన్లో ఆయిల్ మీరు పోస్తారు బాబాయ్ గారూ. కీలు చుట్టూ ఉండే పొర తన నూనె తానే ఊరించుకుంటుంది. కొత్త కీలు పెట్టినా ఆ పొర మళ్లీ వస్తుంది. కదిలిస్తేనే ఆ తడి అంతటా పాకేది. కదపకపోతే లోపలంతా అతుక్కుపోతుంది.”

“మరి అరిగిపోదా?”

“అరుగుతుంది, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా. బిగుసుకోవడానికి మాత్రం ఈ మూడు వారాలు చాలాయి చూడండి.”

ఆ రోజు నుంచి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మడమ వెనక్కి లాక్కుంటూ వంచడమే పని. అక్క పెట్టిన కేకలకు రొయ్యలు బెదిరి చెరువు గట్లెక్కాయి. కేకకూ కేకకూ మధ్య బావకు తిట్లు. “యాభై గంటలంట. నీ ఇంజన్లన్నీ నడిసముద్రంలో ఆగిపోను.” తిడుతూనే వంచింది. మోకాలు కూడా మొండిదే, రోజుకు నూలుపోగంత లొంగింది.

మూడు నెలలకు సగం గంపతో బందరు బస్టాండుకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. పాత కండక్టరే, అలవాటుగా చెయ్యి చాపాడు. అక్క ఆ చేతిలో గంప పెట్టింది.

“దాన్ని పట్టుకో నాయనా. నన్ను కాదు.”

కమ్మీ పట్టుకుని మంచి కాలు ముందు వేసింది. కొత్త కాలు వంగి, మెట్టు మీదకు వచ్చింది. ఏ చప్పుడూ లేదు.

ఇక ఒప్పుకోవలసింది ఒకటుంది. పిల్లులు, రొయ్యలు అంతా నిజమే. కల్పించింది బావ సంగతి. ఆయన వలలు అల్లుతాడు, పానా ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. రేవులో ఇంజన్లు బాగుచేసేది నేను. యాభై గంటలన్నదీ, తిట్లు తిన్నదీ నేనే. తప్పు బావ మీదకు మొదట నెట్టింది మాత్రం అక్క. రేవులో ఎవరడిగినా ఇప్పటికీ ఆయన పేరే చెబుతుంది, నా దగ్గరకు బాగుకు వచ్చే పడవలు ఎక్కడ రావడం మానేస్తాయోనని.