పిండిమర ముందు ఒకటే వరస

బొగ్గుగని ఊళ్లో మగవాళ్లంతా నల్లగా ఇల్లు చేరితే, ఒక్కడు మాత్రం కనుబొమలతో సహా తెల్లగా చేరేవాడు. అందుకే పిండిమర ఆయన ఊరందరికీ తెల్లమామయ్య. గనుల ఊళ్లు ఎక్కడైనా అంతే, నిన్న ఖాళీ నేల ఉన్నచోట ఇవాళ వందల రేకుల ఇళ్లు లేస్తాయి. మనిషికి మనిషి అలవాటు కావడానికే ఏళ్లూ పూళ్లూ పడుతుంది.

పాత వీధివాళ్లు గోధుమలు తెచ్చేవారు, కొత్త ఇళ్లవాళ్లు మొక్కజొన్నలు. ఏ మరలోనైనా ముందువాళ్ల పిండి గుప్పెడైనా వెనకవాళ్ల డబ్బాలో పడక తప్పదు. ఒకరోజు తన పిండిలో పసుప్పచ్చ చార చూసి పాత వీధి పెద్దక్క అగ్గిమీద గుగ్గిలమైంది.

“వాళ్లకో రోజు, మాకో రోజు పెట్టు మామయ్యా. లేదంటే మా వీధి మొత్తం వేరే మర చూసుకుంటుంది!”

తెల్లమామయ్య లోలోపలే లెక్క వేసుకున్నాడు. పాత వీధి పోతే మర మూతే. రోజులు విడదీస్తే పొద్దుటి వరసలో ఆ కలగలుపు కబుర్లు పోతాయి. పిల్లాజెల్లా లేని ఆయనకు అవే సంసారం.

“రోజులెందుకమ్మా, డబ్బా డబ్బాకీ మర విప్పి తుడుస్తా,” అన్నాడు.

మర్నాడు అన్నంత పనీ చేశాడు. బెల్టు తీసి, రాళ్లు విప్పి, బ్రష్షుతో దులిపి, మళ్లీ బిగించి, ఒక్కో డబ్బాకు అరగంట. మనసులో కాస్త కొంటెతనం లేకపోలేదు గానీ, పనిలో మోసం లేదు. తొమ్మిదైనా మూడు డబ్బాలే తేలాయి. వరస వీధి మలుపు దాటింది. బల్లమీద పెద్దక్క, పక్కన కొత్త ఇళ్లావిడ ఒకామె. ఎంతసేపని మొహాలు తిప్పుకుంటారు?

“మీ ఆయనది ఏ షిఫ్టు?” పెద్దక్కే కదిపింది.

“పొద్దుటిది పిన్నీ. ఆకలితో వస్తాడు, ఇంట్లో చిటికెడు పిండి లేదు.”

“మా ఇంట్లో మాత్రం ఉందా ఏంటి! మామయ్యా, ఇంకెంతసేపు?”

“నీ ముందు నాలుగే డబ్బాలమ్మా. రెండు గంటలు.”

“రెండు గంటలా!” పెద్దక్క లేచి నించుంది. “ఆ బ్రష్షు అవతల పారేసి మర తిప్పు! కలిస్తే కలవనీ, కడుపులోకి పోయాక ఏది ఎవరిదో ఎవడు చూడొచ్చాడు!”

వరసంతా గొల్లున నవ్వింది.

“మీ వెనక నాదే డబ్బా పిన్నీ. మీ గోధుమపిండి నాకొస్తే? నేనూ గొడవ చెయ్యనా?” అంది కొత్త ఇళ్లావిడ.

“చెయ్యవే తల్లీ, మళ్లీ అరగంట కూర్చోబెడతాడు!”

తెల్లమామయ్య పొట్ట పట్టుకుని నవ్వుతూ స్విచ్చు వేశాడు. ఆ మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక, అందరూ ఇంకా గట్టిగా అరుచుకుంటూ కబుర్లు సాగించారు.