కంప్యూటర్ పెట్టెలో వలముడులు

ఇంతకు ముందు ఎందుకు రాయలేదంటే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. ఇందులో పెద్ద కథేం లేదు. బడికెళ్లే వయసులో మా అమ్మ వెనకాల చిన్న చేపల గంప పట్టుకుని భోగాపురం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాను. పెళ్లయ్యాక పెద్ద గంప పట్టుకుని అవే ఊళ్లు తిరిగాను. యాభై దాటాక కోడలు నేర్పింది. ఓపిక ఉండి నేర్పిందని అనుకోకండి. ఆమె ఇంట్లోనే కంప్యూటర్ మీద ఫ్లెక్సీలు తయారుచేస్తుంది. నేను పక్కన కూర్చుని ఇదేటి, అదేటి అని ప్రాణం తీస్తుంటే, నా నోరు మూయించడానికి ఒక్కొక్క అక్షరం చెప్పేది. అలా నేను కూడబలుక్కుని చదివిన మొదటి పెద్ద మాట ‘శ్రద్ధాంజలి’. రెండోది ‘జన్మదిన శుభాకాంక్షలు’. నాకు చచ్చినవాళ్ల తర్వాతే పుట్టినవాళ్లు వచ్చారు.

ఫ్లెక్సీలతో పాటు కోడలు పెళ్లి వీడియోలు కూడా అతుకుతుంది. విజయనగరంలో స్టూడియో ఆయన పెళ్లంతా తీసి ఇస్తాడు. ఈమె అందులో ఆవలింతలు, అన్నాల దగ్గర తోపులాటలు, పంతులుగారి ఫోను మాటలు కోసేసి, మిగిలినదానికి పాటలు పెడుతుంది. చివర్లో ఆ ముక్కలన్నీ ఒకే వీడియోగా చుట్టే పని కంప్యూటర్‌ది. దానికి గంటలకొద్దీ పడుతోందని, పాతదే అయినా గట్టి గ్రాఫిక్స్ కార్డు ఒకటి కొని బిగించింది. అప్పట్నుంచీ రోగం మొదలైంది. చుట్టడం నలభై శాతం దాకా వస్తుంది, టప్పున పెట్టె ఆరిపోతుంది. మళ్లీ మొదలు. మళ్లీ నలభై. మళ్లీ టప్పు.

రెండు పెళ్లిళ్లు ఆలస్యమయ్యాయి. మూడోసారి స్టూడియో ఆయన పొద్దున్నే ఫోన్లోనే తేల్చేశాడు. రేపు పది గంటలకి వీడియో చేతిలో పెట్టకపోతే ఇంక పని వేరేవాళ్లకి ఇస్తానన్నాడు. పని పోతే కోడలు మళ్లీ రొయ్యల ఫ్యాక్టరీకి పోవాలి. పెళ్లికి ముందు రెండేళ్లు ఐసు నీళ్లల్లో నిలబడి రొయ్యలు వొలిచింది. ఆ మాటొస్తే ఇప్పటికీ వేళ్లు చీరలో దాచుకుంటుంది.

ఆ పొద్దున్నే ఇద్దరం విజయనగరం వెళ్లాం. కంప్యూటర్ సామాన్ల కొట్టాయన లక్షణాలు విని, “పవర్ సప్లై సాల్లేదమ్మా. కార్డేమో బాగా తింతాది, ఇదేమో పెట్టలేకపోతాది” అన్నాడు. పవర్ సప్లై అంటే గోడ కరెంటు తీసుకుని లోపలి సామాన్లన్నిటికీ పంచే చిన్న డబ్బా. మా దాన్లో ఉన్నది పెట్టెతో పాటు ఊరికే వచ్చినది. ఊరికే వచ్చినది ఎంత పని చేస్తుందో అంతే చేసింది.

కొట్టాయన రెండు డబ్బాలు పెట్టాడు. ఒకదాని మీద ఆరొందల వాట్లు అని ఉంది. ఇంకోదాని మీద ఐదొందల యాభై.

“ఎక్కువ వాట్లది తీస్కోండి. పైగా దీని రేటే తక్కువ” అన్నాడు.

నేను రెండూ రెండు చేతుల్లోకి తీసుకున్నాను. నలభై ఏళ్లుగా చేపని చేత్తో తూచి చెప్పినదాన్ని. ఆరొందలది ఎండు సావిడాయి చేపలా తేలిపోయింది. ఐదొందల యాభైది తాజా వంజరంలా చేతిని కిందికి లాగింది.

“ఇదే కావాల” అన్నాను.

“అమ్మా, ఇది సేపలు కాదు, బరువు సూసి కొనడానికి.”

“లోపల సరుకుంటేనే కదా నాయినా బరువుంతాది. ఈ తేలికదాన్లో ఏటుంది, గాలా?”

ఆయన కోడలి వైపు చూశాడు, ఈ ముసలిదాన్ని ఎందుకు తెచ్చావన్నట్టు. కోడలు మమ్మల్నిద్దర్నీ పట్టించుకోకుండా డబ్బాల మీద చీటీలు చదువుతోంది. కార్డుకి ఎంత, ప్రాసెసర్‌కి ఎంత కావాలో ఇంటి దగ్గరే కాగితం మీద కూడుకొచ్చింది. చదివి చదివి, “అయిదొందల యాబైదే ఇయ్యండి. దాని సీటీ మీద లెక్కే నిజంగా ఉన్నాది” అంది. నేను కొట్టాయన వైపు చూశాను. ఎలా చూశానో రాయను.

మధ్యాహ్నానికి ఇంటికొచ్చి, ప్లగ్గు పీకి, పెట్టె తెరిచి, పాత డబ్బా తీసి కొత్తది బిగించాం. కొత్త డబ్బాలోంచి వైర్లు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. కావాల్సినవీ, అక్కర్లేనివీ అన్నీ డబ్బాకే పుట్టి ఉన్నాయి. కోడలు పెద్ద వైరు బోర్డుకి గుచ్చింది, రెండోది కార్డుకి గుచ్చింది.

“మిగిలినియ్యి అలా వదిలేత్తే గాలాడదు అత్తా. వేడెక్కిపోద్ది. ఎనకాల మడతెట్టి కట్టాల” అంటుండగానే స్టూడియో ఆయన ఫోను. ఇంట్లో ఫోను మోగుతుంది గానీ మాట వినపడదు. బయటికి పరిగెత్తింది.

కట్టాలి అంది కదా. కట్టడం నా పని. మా ఇంటాయన అరుగు మీద వల బాగుచేస్తున్నాడు, ఆయన నైలాన్ దారం తెచ్చుకున్నాను. మిగిలిన వైర్లన్నీ మడతపెట్టి, జానెడుకో వలముడి వేశాను. తడిసినా జారదు, చేప గింజుకున్నా జారదు. దారం కొసలు ఊడకుండా, వలకి చేసినట్టే, అగరబత్తి ముట్టించి కాల్చి అంటించాను. కోడలు తిరిగొచ్చేసరికి వెనకభాగం కొత్త పెళ్లికూతురి జడలా ఉంది. కోడలు దాన్ని ఫోటో కూడా తీసింది. మూత బిగించి, స్విచ్చి నొక్కింది.

ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ లేదు.

కార్డు పీకి గుచ్చింది. లోపలి మెమరీ ముక్కలు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టింది. ఫ్యాన్లు మహా హుషారుగా తిరుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది.

“ఏటే, వల్లో పడ్డాదా మీ కంప్యూటరు?” అన్నాడు మా ఆయన అరుగు మీంచి.

“నువ్వు నోర్మూసుకుని నీ కన్నాలు కుట్టుకో” అన్నాను.

కోడలు బయటికెళ్లి కొట్టాయనకి ఫోను చేసింది. ఆయన ఒక్కటే అడిగాడంట, ప్రాసెసర్‌కి విడిగా కరెంటు వైరు వస్తుంది, ఎనిమిది కాళ్లది, బోర్డు పై మూల గుచ్చాలి, గుచ్చారా అని. మూల చూస్తే ఖాళీ. వైరు చూస్తే నా జడలో ఉంది, అన్నిటికన్నా అడుగున.

“ఫోనొచ్చి మర్సిపోయాను. విప్పీ అత్తా, బేగి” అంది కోడలు.

“విప్పడానికి రాదే అది.”

“ఏం?”

“కొసలు కాల్చీసేను.”

“ఈ వైర్ల పక్కన అగ్గిపుల్ల గీసేవా!”

“అగ్గిపుల్ల కాదే. అగరబత్తి.”

కోడలు కింద కూలబడింది. నవ్వుతోందనుకున్నాను, కాదు. చేతి వేళ్లు చూసుకుంటోంది. నేను ప్లగ్గు పీకి, కత్తి తెచ్చాను. కత్తితో కోస్తే ముడితో పాటు వైరు తెగొచ్చు. తెగితే కొట్టుకెళ్లి ఇంకోటి తెచ్చి బిగించి, వీడియో చుట్టి, పొద్దునకి అందించడం కల్ల.

మా ఆయన లేచొచ్చి, వల కన్నాలు సమానంగా రావడానికి వాడే వెదురుబద్ద నా చేతిలో పెట్టాడు. బద్దని వైర్లకీ ముడికీ మధ్య దూర్చి, కత్తి మొన బద్ద మీదే ఆడేలా ముడి కోశాను. ఒకటి. రెండు. కోడలి ఊపిరి నా మెడ మీద తగులుతోంది. “అలా ఊదకే, సెయ్యి జారిపోద్ది” అన్నాను. పదకొండు ముడులు. అన్ని వేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఒక్క వైరూ గీసుకోలేదు.

ఎనిమిది కాళ్ల వైరు మూలకి చేరింది. తెర వెలిగింది.

దీపాలు పెట్టే వేళకి చుట్టడం మొదలైంది. మూత తీసే ఉంది, ముడులు కోసిన వైర్లు పేగుల్లా వేలాడుతున్నాయి, ముగ్గురం వాటి ముందు కూర్చున్నాం. ముప్పై తొమ్మిది. మా ఆయన కూడా వల పక్కన పెట్టేశాడు. నలభై. నలభై ఒకటి. “దాటీసింది” అన్నాను. “సప్పుడు సెయ్యకు అత్తా” అంది, నా మాటకే అది ఆగిపోతుందన్నట్టు. అన్నాల వేళకి నూరయింది.

మర్నాడు పొద్దున్నే కోడలు మొదటి బస్సుకి విజయనగరం వెళ్లింది. నేను గంప ఎత్తలేదు. పదిన్నరకి ఫోనొస్తే పెట్టె దగ్గర్నుంచి లేచి గుమ్మంలోకెళ్లి ఎత్తాను.

“సూసేడత్తా. బాగుందన్నాడు. వచ్చే ముహూర్తాలు కూడా మనకే ఇస్తాడంట.”

“ఇయ్యకేటి సేస్తాడు.”

“నానొచ్చీదాకా పెట్టె ముట్టుకోకు, దండమెడతాను.”

“నానేటి ముట్టుకుంతానే” అన్నాను.

అప్పటికే ప్లగ్గు పీకేసి, పాత చీర అంచు చింపి పీలికలు చేసుకుని, సగం వైర్లు కట్టేశాను. ఈసారి లాగితే ఊడొచ్చే ముడి. ఎనిమిది కాళ్లదాన్ని దాని మూలనే ఉంచి, మిగతా సగం కూడా కట్టాను. ప్లగ్గు పెట్టి, స్విచ్చి నొక్కి, తెర వెలిగేదాకా చూసి, అప్పుడు మూత బిగించాను.