చిల్లు లేని పెట్టె

పాత సామాన్ల దుకాణంలో ముత్తెన్న గెలిచిన కొట్లాటకు పసుపు ఇచ్చింది అతని పక్కింటి లసుమవ్వే. మార్కెట్ యార్డులో పసుపు కొమ్ములు ఏరి ఇంటికి పోతూ, పాటల పెట్టె ముందు గొడవ విని ఆగింది.

“గిది పుట్టుకతోనే కరెంటు గ్రామఫోన్. హ్యాండిల్ లేదు, సూడు,” అంటున్నాడు దుకాణం సాయిలు.

ముత్తెన్న బోరు మోటార్లకు తీగ చుట్టే మనిషి. పెట్టె పక్కపలకను వేళ్లతో తడిమాడు.

“అక్కా, నీ కొంగుల పసుపున్నదా?”

పైపూతను గోటితో గీకి, తడిపిన పసుపు రుద్దాడు. కాసేపటికి చెక్క మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ తేలింది.

“హ్యాండిల్ చిల్లును సున్నంతోని పూడ్చినవ్ సాయిలూ. పసుపు తగిలితే సున్నం దాగుతదా? లోపలి మోటరు నిన్న మొన్న వెట్టింది.”

సాయిలు తల గోక్కున్నాడు. లసుమవ్వ ఊరుకుంటుందా? “ముక్కుపుల్ల తీసేసి ముక్కే కుట్టలేదన్నట్టున్నది నీ యవ్వారం,” అని తన వంతు అంటించింది.

తర్వాత ముత్తెన్న ఆరేళ్లు వెతికితే, పుట్టుకతోనే కరెంటుదైన అసలు పెట్టె డిచ్‌పల్లిలో, ఎవరింట్లోనో అటక మీద దొరికింది. దాని పలకకు చిల్లు లేదు, పూడ్చిన గుర్తూ లేదు.

“అప్పట్ల ఊర్లల్ల కరెంటేడిది? హ్యాండిల్‌వే మస్తుగ వచ్చినయ్. గిసొంటివి వేళ్ల మీద లెక్కవెట్టచ్చు,” అని ముత్తెన్న వచ్చినవాళ్లందరికీ ఆ నున్నటి పలకే చూపేవాడు. వాళ్లేమో హ్యాండిల్ ఊడిపోయిందనుకొని జాలిపడేవారు.

“నీ పెండ్లాం చెంపను గూడ గింతగనం నిమరలే నువ్వు,” అనేది లసుమవ్వ. అతను సిగ్గుపడి నవ్వేవాడు.

ఈ ఎండాకాలం ముత్తెన్న కాలేయం చెడి దవాఖానలో పడ్డాడు. ఇరవై రోజులు చూసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ ఇరవై రోజుల్లోనే ఆటో నడిపే కొడుకు గంగాప్రసాద్ ఒక పని చేశాడు. ఎక్కడెక్కడో తిరిగి ఇత్తడి హ్యాండిల్ సంపాదించి, వడ్రంగితో పలకకు చిల్లు వేయించి బిగించాడు.

“బాపూ, నీ పెట్టెకు తక్కువైంది దొరికింది,” అంటూ మంచం పక్కకు తెచ్చిపెట్టాడు. ఆ పిల్లవాడి ముఖంలో అంత సంతోషం, మంచం దగ్గరే ఉన్న లసుమవ్వ ఎన్నడూ చూడలేదు.

పలకకు పడ్డ చిల్లు చూసి ఆమె నోరు తెరవబోయింది. ముత్తెన్న ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఎముకలు మిగిలిన చెయ్యే గాని పట్టు గట్టిగానే ఉంది.

“మంచిగున్నది బిడ్డా,” అన్నాడు కొడుకుతో. రెండో చేత్తో హ్యాండిల్ ఒకసారి తిప్పాడు. లోపల దేనికీ తగలక అది ఉత్తగా తిరిగింది.

కొడుకు మంచినీళ్లకని లోపలికి పోయాడు. చిల్లు అంచున మిగిలిన చెక్కపొట్టును ముత్తెన్న వేలితో తుడిచాడు.

“అక్కా, నీ నోరు నాకెరుకే. నేను పోయినంక గూడ వానికి జెప్పకు. ఎవలన్న తెలిసినోళ్లొచ్చి, గింత మంచిదాన్ని ఖరాబు చేసిండ్రని అంటే, గా చిల్లు ముత్తెన్ననే వెట్టిచ్చిండని చెప్పు.”