సెల్లార్‌లో యోగా

ఎవరైనా ఎదురుగా నడిచి వస్తుంటే ఉదయశ్రీకి ముఖం కంటే ముందు కాళ్ళు కనిపిస్తాయి. ఏ పాదం గట్టిగా మోపుతున్నారు, ఏ తుంటి కిందికి జారుతోంది, ఒంటి బరువంతా ఏ పక్క మోస్తున్నారు అని చూస్తుంది. పెళ్ళికి వెళ్ళినా వచ్చినవాళ్ళ నడకలే చూస్తూ కూర్చుంటుందని వాళ్ళ నాన్న రామ్మోహనరావు గారు విసుక్కుంటారు. ఆయన సర్కారు ఉద్యోగం మీద తాడేపల్లిగూడెం నుంచి వచ్చి చందానగర్‌లో స్థిరపడ్డారు. ఉదయశ్రీ పెరిగింది అక్కడే.

కాలేజీలో ఆమె వాలీబాల్ ఆడేది. ఒకసారి ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడి లోపలి లిగమెంట్ తెగింది. ఆపరేషన్ చేసిన డాక్టర్లు కాలు బాగుపడిందన్నారు. ఎగరబోతే ఒళ్ళెందుకు బిగుసుకుపోతోందో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. మియాపూర్‌లో యోగా నేర్పే ఒక పెద్దావిడ ఆమెకు మళ్ళీ రెండు కాళ్ళ మీద సమంగా నిలబడటం నేర్పింది. అది ఎందుకు పనిచేసిందో తెలుసుకోవాలని ఉదయశ్రీ ఫిజియోథెరపీ చదివింది, ఆ తర్వాత మనిషి కదలికలను కొలిచే శాస్త్రంలో డాక్టరేట్ చేసింది. అప్పటి నుంచి ఆమెవి రెండు ఉద్యోగాలు. పొద్దున హైటెక్ సిటీ ఆఫీసుల్లో యోగా, వ్యాయామం నేర్పుతుంది. మధ్యాహ్నం ఒక పరిశోధన సంస్థ ల్యాబులో మనుషుల కీళ్ళ మీద మెరిసే చిన్న పూసలు అంటించి, కెమెరాల ముందు నడిపించి, ఏ కీలు మీద ఎంత భారం పడుతోందో చూస్తుంది. క్లాసులో పుట్టిన అనుమానం ల్యాబులో తేలేది. ల్యాబులో తేలింది మర్నాడు క్లాసులో పనికొచ్చేది.

ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆమెను పిలిచింది కూడా ఈ రెండూ తెలిసిన మనిషి కావాలనే. అక్కడ ఉద్యోగుల ఆరోగ్య కార్యక్రమాలు చూసే లోహిత్, క్యాంపస్‌లో అందరికీ యోగా నేర్పి, దానివల్ల నొప్పులు ఎంత తగ్గాయో పరిశోధన కూడా చేద్దామన్నాడు. అందరికీ అంటే ఎవరని ఆమె అడిగింది. గేటు దగ్గర సెక్యూరిటీ నుంచి పై అంతస్తు మేనేజర్ దాకా అన్నాడు. ఆ మాటకే ఆమె ఒప్పుకుంది. కూర్చుని పనిచేసేవాళ్ళ నడుము నొప్పి గురించి చదివీ చదివీ ఆమెకు విసుగొచ్చింది. డ్యూటీ అంతా నిలబడేవాళ్ళ మోకాళ్ళ గురించి పట్టించుకున్నవాళ్ళు తక్కువ.

కూర్చునేవాళ్ళకు ఒక తీరు, నిలబడేవాళ్ళకు ఒక తీరు ఆసనాలు కూర్చింది. కూర్చునేవాళ్ళవి ఇంట్లోనూ చేసుకోవడానికి వీడియో తీసి ఇచ్చింది. నిలబడేవాళ్ళ మోకాళ్ళు అప్పటికే అలిసి ఉంటాయి కాబట్టి వాళ్ళచేత మొదట్లోనే లోతుగా గుంజీలు తీయించకూడదని, చేతికి కుర్చీ ఆసరా ఉండాలని, పక్కన టీచర్ తప్పకుండా ఉండాలని చెప్పింది. పై అంతస్తు బ్యాచ్ ఆమె తీసుకుంది. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ వాళ్ళకు వేరే టీచర్‌ని పెడతామని లోహిత్ మాటిచ్చాడు.

కొన్ని నెలలకు ఫలితాలు వచ్చాయి. చాలా బాగున్నాయి. మరీ అంత బాగుండటమే ఆమెకు నచ్చలేదు. వివరాలు తిరగేస్తే సెక్యూరిటీ బ్యాచ్ లేదు. లోహిత్‌ను అడిగితే, వాళ్ళకు ఇంటరెస్ట్ లేక మధ్యలోనే మానేశారని, చివరిదాకా చేసినవాళ్ళనే లెక్కలోకి తీసుకున్నామని తేలిగ్గా చెప్పాడు.

ఆ సాయంత్రం ఆమె బయటికి వెళ్తుంటే గేటు దగ్గర చంద్రయ్య అనే గార్డు అడ్డుకర్ర ఎత్తాడు. ఎత్తి రెండడుగులు పక్కకు వేశాడు. అంతే చాలు ఆమెకు. కుడి కాలు మీద బరువు పడకుండా ఒళ్ళంతా ఎడమ పక్కకు ఒరిగిపోతోంది. బండి పక్కన ఆపి, యోగా క్లాసుకు వచ్చేవారా అని అడిగింది.

"వచ్చిన మేడం. కింద సెల్లార్‌ల టీవీ పెట్టిన్రు. అండ్ల చూసుకుంట చెయ్యమన్నరు."

"టీచర్ లేరా?"

"ఎవ్వరు లేరు. గిట్ల కుర్చీల కూసున్నట్టు గాలిల కూసోమన్నరు. సిమెంటు మీద కాలు జారింది. మోకాలు బాగ వాచింది. ఇగ ఎట్ల వస్త?"

సూపర్‌వైజర్‌కు చెప్పలేదా అని అడిగింది. చెబితే, నొప్పి ఉన్నవాళ్ళకు గేటు డ్యూటీ ఎందుకు, ఇంటికాడ ఉండమన్నాడట. అందుకే మళ్ళీ ఆ మాట ఎత్తలేదన్నాడు చంద్రయ్య. ఇంకా కొందరికి అట్లనే అయిందని కూడా చెప్పాడు.

ఉదయశ్రీ వెనక్కి తిరిగి సెల్లార్‌లోకి దిగింది. కార్ల మధ్య ఖాళీ చోటు, గోడకు ఒక టీవీ, కింద చాప కూడా లేదు. పైన తన బ్యాచ్ చేసే హాలు గుర్తొచ్చింది. చెక్క నేల, అద్దాల గోడ, మెత్తటి మ్యాట్లు. రోజూ తను పైన నిలబడి శ్వాస మీద ధ్యాస పెట్టమంటుంటే, కింద ఈ మనుషులు కార్ల పొగలో టీవీకి మొక్కుతున్నట్టు చేతులెత్తి నిలబడ్డారు. టీవీ ఆన్ చేస్తే వచ్చింది కూర్చునేవాళ్ళ కోసం ఆమె చేసిన వీడియో. ఆమె ముఖమే, ఆమె గొంతే. ఒళ్ళు మండిపోయింది ఆమెకు.

మర్నాడు మీటింగ్ రూములో లోహిత్ నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. రెండో టీచర్‌కు బడ్జెట్ అప్రూవల్ రాలేదన్నాడు. కావాలంటే సెక్యూరిటీ ప్రస్తావన తీసేసి, ఆఫీసు ఉద్యోగుల మీద చేసిన స్టడీ అని రాసుకుందామన్నాడు.

"వాళ్ళు మానలేదండీ, చేయలేకపోయారు," అంది ఉదయశ్రీ. "నొప్పి పుట్టి ఆగిపోయిన మనిషే ఈ పరిశోధనలో అసలు జవాబు. ఆ మనిషిని చెరిపేసి మిగిలినవాళ్ళ నవ్వు ముఖాలు చూపిస్తే అది శాస్త్రం కాదు."

"మేడం, యోగా టీచర్ అయ్యుండి మీరే ఇంత కోపం పెట్టుకుంటే ఎలా?"

"నేను నేర్పేది ఒంట్లో ఏం జరుగుతోందో గమనించమని. చూసీ చూడనట్టు ఊరుకోమని కాదు."

తన పేరు ఆ పరిశోధన మీద ఉండటానికి వీల్లేదని చెప్పి లేచి వచ్చేసింది. ల్యాబుకు వెళ్తే అక్కడి పెద్ద, యజ్ఞనారాయణ గారు అప్పటికే కంపెనీ నుంచి ఫోన్ అందుకుని ఉన్నారు. ల్యాబులో కెమెరాలు ఆ కంపెనీ ఇచ్చినవేనని, కాస్త నిదానంగా ఆలోచించమని మెత్తగా చెప్పారు. ఆయన మంచివారే. మంచివాళ్ళు అంత మెత్తగా మాట్లాడటమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మనుషుల మీద చేసే పరిశోధనల్లో న్యాయం చూడటానికి సంస్థలో ఒక కమిటీ ఉంది. ఆయన వద్దంటున్నా ఆమె ఆ కమిటీకి ఫిర్యాదు చేసింది.

విచారణ సాగింది. చంద్రయ్యతో పాటు మరికొందరు గార్డులు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్ళు వచ్చి తమకేమైందో చెప్పారు. కమిటీ ముందు చంద్రయ్యను కుర్చీలో కూర్చోమంటే, డ్యూటీ బట్టల్లో కూర్చోవడం అలవాటు లేదని నిలబడే మాట్లాడాడు. ఉదయశ్రీ లేచి అతని పక్కన నిలబడింది. చివరికి సెల్లార్ బ్యాచ్‌ను కలపకుండా ఆ ఫలితాలు ఎక్కడా వేయకూడదని, దెబ్బ తిన్నవాళ్ళకు కంపెనీయే వైద్యం చేయించాలని కమిటీ తేల్చింది.

పరిశోధన ఆగిపోయింది. వైద్యం ఒక ఎక్స్‌రేతో సరిపెట్టారు. కార్యక్రమం మాత్రం ఆగలేదు, వేరే టీచర్‌తో నడుస్తూనే ఉంది. మియాపూర్ వెళ్ళే దారిలో దాని హోర్డింగ్ కూడా వెలిసింది. అందరికీ ఆరోగ్యం, అని ఉంటుంది దాని మీద. ఉదయశ్రీ క్లాసు పోయింది. ఆ కంపెనీని చూసి మరో రెండు ఆఫీసులు కూడా ఆమెను పిలవడం మానేశాయి. గార్డుల ఏజెన్సీ చంద్రయ్యను జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ గేటుకు మార్చింది. అక్కడా నిలబడే పనే.

రామ్మోహనరావు గారు ఇదంతా విని, తమ కాలనీ కమ్యూనిటీ హాలు పొద్దున ఖాళీగానే ఉంటుందని కూతురితో అన్నారు, తాళంచెవి ఆయనే తెచ్చారు. ఇప్పుడు అక్కడ నిలబడి పనిచేసేవాళ్ళ కోసం క్లాసు నడుస్తోంది. చందానగర్ బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలు, వాచ్‌మెన్లు, ఒక ట్రాఫిక్ హోంగార్డు వస్తారు. డ్యూటీ లేని రోజు చంద్రయ్య జీడిమెట్ల నుంచి బస్సులో వస్తాడు. అతని మోకాలు మునుపటిలా కాలేదు. మెట్లు దిగేటప్పుడు ఇప్పటికీ కుడి కాలు జాగ్రత్తగా పెడతాడు. కానీ ఒళ్ళు ఒరగడం తగ్గింది.

వాళ్ళ మీదే ఆమె కొత్త పరిశోధన మొదలుపెట్టింది. ఎవరైనా రెండు రోజులు రాకపోతే ముందు వాళ్ళింటికే వెళ్ళి, ఎందుకు మానేశారో అడుగుతుంది. యజ్ఞనారాయణ గారు ల్యాబులోని పాత కెమెరా ఒకటి హాలుకు పంపించారు.

మొన్న ఇంకో కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. తమ ఉద్యోగులందరికీ యోగా నేర్పడానికి రాగలరా అని ఒకమ్మాయి చాలా మర్యాదగా అడిగింది. మీ సెక్యూరిటీ వాళ్ళు ఎక్కడ చేస్తారండీ, అని అడిగింది ఉదయశ్రీ. కనుక్కుని చెప్తానంది ఆ అమ్మాయి. మళ్ళీ ఫోన్ రాలేదు.